ట్లింగిట్ వెండి గరిటె: చేత్తో చెక్కిందా, అచ్చు కొట్టిందా?

సియాటెల్_శ్రీ:
ఇక్కడి పాత సామాన్ల దుకాణంలో ఒక వడ్డించే వెండి గరిటె ఉంది. కాడ మీద పక్షి తల, వెనక ఏ ముద్రా లేదు. అలాస్కా ఆదివాసులైన ట్లింగిట్ల చేతిపని, 1900 నాటిది అంటున్నారు. కొనేముందు ఏం చూడాలి? బాగా నల్లబడింది, విభూతితో తోమొచ్చా?

కంసాలి_వీధి:
ముద్ర లేకపోవడం లోపం కాదండీ. అక్కడి పనివాళ్లు వెండి నాణేలనే సాగగొట్టి చేసేవాళ్లు. అప్పటి అమెరికా వెండి డాలరు 26.73 గ్రాములు, అందులో వెండి 90 శాతం; స్టెర్లింగ్ అనే ప్రామాణిక వెండిలో 92.5. అలాగని ‘స్టెర్లింగ్’ ముద్ర ఉంటే నకిలీ అనుకోకండి, ఫ్యాక్టరీ స్పూన్ల మీద చేత్తో చెక్కినవీ ఉన్నాయి.

పది రెట్ల భూతద్దంతో గీతలు చూడండి. ఉలి గీత అడుగున కోసుగా ఉండి, మధ్యలో వెడల్పై కొసకు సన్నబడుతుంది. అచ్చులో కొడితే గీత అడుగు గుండ్రంగా, వెడల్పు ఒకేలా ఉంటుంది. పోత పోసిందైతే సన్న గుంటలు కనిపిస్తాయి. మీ ఊళ్లోనే జోసెఫ్ మేయర్ కంపెనీ అచ్చు కొట్టిన టోటెమ్ (కులచిహ్నాల బొమ్మలున్న) స్పూన్లు అమ్మేది, జాగ్రత్త.

పాతవెండి:
పక్షి ముక్కు కొస కిందికి వంగితే గద్ద, దాదాపు తిన్నగా ఉంటే రేవెన్ కాకి. ట్లింగిట్ సమాజంలోని రెండు శాఖల గుర్తులివి. కానీ పొరుగు తెగ హైడాలూ ఇవే బొమ్మలు చెక్కారు, పక్షిని చూసి తెగ తేల్చలేం. అలాస్కాలోని సిట్కాలో పనిచేసిన ట్లింగిట్ వెండి పనివాడు రుడాల్ఫ్ వాల్టన్ (1867–1951) పేరు చెప్పి ధర పెంచితే రుజువు కాగితం అడగండి.

విభూతి వద్దే వద్దు, గీతల అంచులు అరుగుతాయి. అల్యూమినియం రేకు, సోడా చిట్కా ఇంకా చేటు: గీతల్లోని నలుపు కూడా పోయి బొమ్మ వెలవెలబోతుంది. ముందు గోరువెచ్చని నీళ్లు, కొంచెం డిష్ సోప్‌తో కడగండి. తర్వాత మెత్తటి సుద్దపొడిని డిస్టిల్డ్ వాటర్‌లో ముద్దలా కలిపి, దూదిపుల్లతో ఎత్తుగా ఉన్న చోట మాత్రమే రుద్ది, కడిగి, వెంటనే తుడవాలి. దాచేటప్పుడు రబ్బరు బ్యాండ్ చుట్టకండి. అందులోని గంధకం మళ్లీ నల్లచేస్తుంది.

సియాటెల్_శ్రీ:
కాడ, గిన్నె కలిసే చోట బూడిద రంగు ముద్ద ఉంది. అదేంటి?

కంసాలి_వీధి:
ఎవరో సీసం మాటు వేసినట్టుంది. సగం ధరకు అడగండి, వడ్డనకు మాత్రం వాడకండి. సీసం పూర్తిగా గీకి తీయకుండా వెండి మాటు కోసం కాల్చనివ్వొద్దు. ఆ వేడికి సీసం వెండిలోకి తినుకుపోయి గుంటలు పడతాయి.