విభాగం మొత్తానికి ఒకేసారి క్షమాపణ చెబితే సయోధ్య కుదురుతుందా?

ప్రశ్న:
40 మంది పనిచేసే ఒక విభాగం. రెండేళ్లు ఓవర్‌టైమ్ గంటలు తగ్గించి రాశారు. అడిగినవాళ్లకు రేటింగు కోత పెట్టారు. ఇదంతా చేయించిన మేనేజర్ వెళ్లిపోయాడు. అతను చెప్పినచోట సంతకం పెట్టిన టీమ్ లీడర్లు, నష్టపోయినవాళ్లు, తెలిసీ నోరు మెదపనివాళ్లు మాత్రం ఇంకా పక్కపక్కనే పనిచేస్తున్నారు. ఒక పూట మీటింగ్ పెట్టి, అందరి తరఫునా క్షమాపణ చదివి, అక్కడితో వదిలేద్దామని యాజమాన్యం ఆలోచన. దక్షిణాఫ్రికాలో ఇలాగే చేశారని కూడా అంటున్నారు. ఇది నిలబడుతుందా?

జవాబు 1:
దక్షిణాఫ్రికాలో జరిగింది ఇది కాదండి. వర్ణవివక్ష పాలనలో జరిగిన అకృత్యాలు తేల్చడానికి అక్కడ 1995లో చట్టం చేసి సత్య, సయోధ్య కమిషన్‌ను పెట్టారు. ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షతన 1996 ఏప్రిల్‌లో బహిరంగ విచారణలు మొదలయ్యాయి. నివేదిక మొదటి ఐదు సంపుటాలు రావడానికి 1998 అక్టోబరు పట్టింది. క్షమాభిక్ష, అంటే శిక్ష నుంచి మినహాయింపు, కోరినవాళ్లు తాము చేసినదంతా బయటపెట్టాలి, అది రాజకీయ ఉద్దేశంతో చేసినదై ఉండాలి. పశ్చాత్తాపం చూపాలన్న షరతు లేదు, ఎందుకంటే దాన్ని కొలిచే మార్గం లేదు. 7,000 పైచిలుకు దరఖాస్తులు వస్తే 849 మందికే క్షమాభిక్ష దక్కింది. బాధితులు మన్నించి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు. పోలీసు నిర్బంధంలో చనిపోయిన ఉద్యమకారుడు స్టీవ్ బికో కుటుంబమైతే క్షమాభిక్ష నిబంధననే 1996లో రాజ్యాంగ న్యాయస్థానంలో సవాలు చేసింది. కోర్టు ఒప్పుకోలేదు కానీ, వాళ్ల అభ్యంతరం న్యాయమైనదే.

దెబ్బతిన్నది పరిహారం దగ్గర. క్షమాభిక్ష మంజూరైన రోజునే అమల్లోకి వచ్చేది, పరిహారం మాత్రం సిఫార్సుగా మిగిలింది. ఏడాదికి సుమారు 17,000 నుంచి 23,000 రాండ్ల చొప్పున ఆరేళ్లు ఇవ్వమని కమిషన్ చెబితే, 2003లో ప్రభుత్వం ఒకేసారి 30,000 రాండ్లు ఇస్తామంది. తప్పు చేసినవాడికి ముందు, నష్టపోయినవాడికి తర్వాత అన్న ఈ వరస మీ దగ్గర రానివ్వకండి.

జవాబు 2:
40 మందికి తలా మూడు నిమిషాలిస్తేనే రెండు గంటలు. ఆ మూడు నిమిషాల్లో ఎవరూ అసలు విషయం చెప్పరు.

మొదట లెక్క తేల్చండి. హాజరు రికార్డులు, జీతం చీటీలు పక్కపక్కన పెట్టి ఎవరికి ఎన్ని గంటలు పోయాయో మనిషివారీగా రాయాలి. తర్వాత బయటి మధ్యవర్తి కావాలి. ఆ రేటింగులు హెచ్‌ఆర్ ఆమోదంతోనే వెళ్లి ఉంటాయి కాబట్టి హెచ్‌ఆర్ ఈ పనికి పనికిరాదు. నష్టపోయినవాళ్లతో విడివిడిగా 45 నిమిషాల నుంచి గంట మాట్లాడాలి: ఏం జరిగింది, దానివల్ల ఏం పోయింది, ఏది సరిచేయాలి, టీమ్ లీడర్లతో ఒకే గదిలో కూర్చోవడం ఇష్టమేనా. వద్దన్నవాళ్లను కారణం అడగకూడదు, రాసి ఇస్తే చాలు.

టీమ్ లీడర్లు ఏ తేదీన, ఏ కాగితం మీద సంతకం పెట్టారో తామే రాయాలి. "పొరపాట్లు జరిగాయి", "ఎవరికైనా బాధ కలిగి ఉంటే" అనే వాక్యాలు కనిపిస్తే తిప్పి పంపండి. వాటిలో చేసినవాడు ఉండడు. అక్కడ చెప్పినది క్రమశిక్షణ చర్యకు వాడతారా లేదా అన్నది ముందే రాతపూర్వకంగా తేల్చాలి. తేల్చకపోతే వాళ్లు నోరు విప్పరు. క్షమాపణ రాస్తే తప్పు ఒప్పుకున్నట్టే అని కంపెనీ లాయర్లు భయపెడతారు. కొన్నిచోట్ల చట్టమే ఆ భయం తీసేసింది, కెనడాలో ఒంటారియో 2009లో చేసిన చట్టం అలాంటిదే. మీ ప్రాంతం సంగతి కనుక్కోండి.

ఆ తర్వాతే ముఖాముఖి, 8 నుంచి 12 మందితో. మొదటి విడత నష్టపోయినవాళ్లదే, జవాబులు ఉండవు. ఎక్కువగా ఇక్కడే చెడుతుంది: లీడర్ ఏడుస్తాడు, నష్టపోయినవాళ్లే ఓదార్చడం మొదలుపెడతారు, విషయం మరుగున పడుతుంది. పది నిమిషాలు విరామం ఇచ్చి, ఆగినచోటి నుంచే మళ్లీ మొదలుపెట్టించాలి.

అడిగినవారు:
చూస్తూ ఊరుకున్నవాళ్ల సంగతేంటి? ఇంత చేశాక కూడా ఒకరు మన్నించనంటే?

జవాబు 3:
ఊరుకున్నవాళ్లను సంతకం పెట్టినవాళ్లతో కలిపి కూర్చోబెట్టకండి. దక్షిణాఫ్రికా కమిషన్ కూడా వ్యాపార సంస్థలు, పత్రికలు, న్యాయ, వైద్య రంగాలు, మత సంస్థలపై వేరే విచారణలు పెట్టింది. వీళ్లను అడగాల్సింది వేరు: ఫిర్యాదు ఎవరి చేతికి వెళ్లేది, అడిగినవాడి పేరు ఎలా బయటపడేది? ఆ జవాబులతో ఫిర్యాదు దారి మార్చాలి.

మన్నించనన్నవాళ్లను సమస్యగా రాయకండి. వాళ్ల రేటింగు, సెలవులు ఆ లీడర్ చేతిలో లేకుండా చూస్తే కలిసి పనిచేయగలరు.

జవాబు 2కి ఒకటి కలుపుతాను. లెక్క తేలగానే డబ్బు నేరుగా ఖాతాలో వేస్తే నోరు మూయించడానికి ఇచ్చినట్టుంటుంది. గంటలు, మొత్తం, ఎందుకు బాకీ పడ్డామన్నది రాసిన ఉత్తరం అదే రోజు చేతికివ్వాలి. తగ్గించిన రేటింగు కూడా పాత ఫైలులోనే దిద్దాలి, లేకపోతే తర్వాతి ప్రమోషన్‌లో మళ్లీ అదే దెబ్బ తగులుతుంది. 30, 90, 180 రోజులకు మధ్యవర్తి వచ్చి డబ్బు అందిందా, ఫైలు మారిందా, ఎవరైనా కక్ష తీర్చుకున్నారా అని నష్టపోయినవాళ్లనే అడగాలి. ఆ మూడు రాకల ఖర్చు ఒప్పందంలో ముందే రాయించండి. మొదటి మీటింగ్ బాగా జరిగితే యాజమాన్యం మొదట కోసేది అదే.