‘గోప్యంబు దాఁచు’: నేస్తగాడు దాచాల్సింది ఏది?

అఘము వలన మరల్చు హితార్థకలితుఁ
జేయు గోప్యంబు దాఁచుఁ బోషించు గుణము
విడువఁ డాపన్ను లేవడి వేళ నిచ్చు
మిత్రుఁ డీ లక్షణంబుల మెలఁగుచుండు

ఈ తేటగీతి ఇక్కడ చాలామందికి కంఠతా వచ్చు. భర్తృహరి నీతిశతకానికి ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగు. శ్రీకాకుళం పక్క పల్లెటూరి బడిలో ఏళ్లుగా చెప్తున్నాను. ప్రతిపదార్థం అప్పజెప్పించుకుని తర్వాతి పద్యానికి వెళ్లిపోవడమే గానీ ఎప్పుడూ ఆగింది లేదు.

మొన్న వెనక బెంచీ గుంటడొకడు లేచాడు. “మేష్టారూ, మా నేస్తగాడొకడు సెల్లు ఎత్తీసినాడనుకోండి. నాకు తెలుసు. నాను సెప్పాలా, దాసాలా? పద్దెంలో దాసమనే ఉంది కదా” అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. “ఊరికే ఉదాహరణకి సార్” అని కూర్చున్నాడు. ఆ ఉదాహరణ నిజమో కాదో నేను అడగలేదు. జవాబూ చెప్పలేదు. గంట కొట్టేశారు, బతికిపోయాను.

ఆ ప్రశ్న బుర్రలో ఉండగానే సిరిమాను, అదే విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతర, వచ్చింది. ఏటా ఆ మంగళవారం విజయనగరంలో మా చిన్నప్పటి నేస్తం ఇంటికి వెళ్తాను. మానూ, జనమూ, దుమ్మూ అయ్యాక రాత్రి వాడి మేడ మీద మేమిద్దరం ఒకే సినిమా చూస్తాం. క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసిన ‘మిస్టిక్ రివర్’, 2003 నాటిది. డెనిస్ లెహేన్ నవల దానికి మూలం. చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి, కథంతా చెప్పేస్తున్నాను.

బోస్టన్‌లో ఒక వీధి. జిమ్మీ, షాన్, డేవ్ అని ముగ్గురు పిల్లలు ఆడుకుంటూ, పచ్చిగా ఉన్న సిమెంటు మీద పుల్లతో పేర్లు రాస్తారు. మొదటి ఇద్దరివీ పూర్తయ్యాయి. డేవ్ సగం రాశాడో లేదో కారొకటి వచ్చి ఆగుతుంది. పోలీసులమని చెప్పి వాణ్ని ఎక్కించుకుపోతారు. వాళ్లు పోలీసులు కారు. నాలుగు రోజులకి వాడు తప్పించుకుని వస్తాడు గానీ, వచ్చింది ఎంత మిగిలి అన్నదే కథ. పెద్దయ్యాక ముగ్గురూ మూడు దార్లు. జిమ్మీ జైలుకెళ్లొచ్చి కొట్టు నడుపుకుంటున్నాడు, షాన్ పోలీసు డిటెక్టివ్, డేవ్ ఏదో బతుకుతున్నాడు. జిమ్మీ కూతురు హత్యకి గురవుతుంది. అదే రాత్రి డేవ్ ఒంటినిండా రక్తంతో ఇంటికొచ్చాడు. చంపింది వాడేనని నమ్మి జిమ్మీ నది ఒడ్డున వాణ్ని చంపేస్తాడు. తీరా చూస్తే వాడు కాదు. వాడు ఆ రాత్రి చంపింది పిల్లల్ని చెరిచే ఇంకొకణ్ని. ఆ సంగతి సరిగ్గా ఎవరికీ చెప్పుకోలేక దాచుకున్నాడు, ఆ దాచుకోవడమే ప్రాణం మీదకి తెచ్చింది. చివర్లో జిమ్మీ చేసింది షాన్‌కి అర్థమవుతుంది. ఊరేగింపులో వీధికి అటూ ఇటూ నిలబడి, షాన్ చేతిని తుపాకీలా పట్టి జిమ్మీ వైపు కాల్చినట్టు చేస్తాడు. జిమ్మీ భుజాలెగరేస్తాడు. అయిపోయింది.

“వాడు పట్టిస్తాడంటావా?” అని మా నేస్తం ఏటా అడుగుతాడు. ఈసారి నాకు పద్యం గుర్తొచ్చింది. షాన్ ‘గోప్యంబు దాఁచు’ మిత్రుడవుతాడా?

నాకు తోచింది ఇది. భర్తృహరి సంస్కృతంలో ‘గుహ్యం నిగూహతి’ అన్నాడు. గుహ్యం, నిగూహతి రెండూ ఒకే ధాతువు, ‘గుహూ సంవరణే’. సంవరణం అంటే కప్పడం. గుహ కూడా అక్కడిదే. లక్ష్మణకవి గుహ్యం తీసేసి గోప్యం పెట్టాడు. గోప్యం ‘గుపూ రక్షణే’ నుంచి వచ్చింది. గోప్త అంటే కాపాడేవాడు. అంటే తెలుగులో మిత్రుడు దాచేది ‘కప్పాల్సింది’ కాదు, ‘కాపాడాల్సింది’. నేరం కప్పాల్సింది. గోప్యం కాపాడాల్సింది. ఛందస్సు బలవంతం చేసిందా అంటే అదీ లేదు. గుహ్యంబు, గోప్యంబు రెండూ తగణమే, యతిస్థానమూ కాదు. ఏది పెట్టినా పద్యం నడుస్తుంది. కవి కావాలనే మార్చాడని నా పట్టుదల. మీరేమంటారు?

పాలకొండ నుంచి ఒక పాఠకుడు: మేష్టారూ, బాగుంది గానీ తొందరపడ్డారు. గుహ్యం అంటే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది మర్మాంగం. పిల్లలు చదివే పద్యంలో ఆ మాట ఎందుకని కవి తప్పించి ఉంటాడు. దానికి రక్షణ, సంవరణ అని ధాతుపాఠం దాకా పోనక్కర్లేదు. పైగా వాడుకలో గోప్యం అంటే రహస్యమే. ‘గోప్యంగా ఉంచండి’ అని కాగితం మీద రాస్తే ‘కాపాడండి’ అని ఎవడూ అనుకోడు.

మేష్టారు: మర్మాంగం మాట ఒప్పుకుంటాను, అది నాకు తట్టలేదు. రెండోది మాత్రం ఒప్పుకోను. ‘గోప్యంగా ఉంచండి’ అని రాసిన కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తాం. అది కాపాడడం కాకపోతే ఏటి?

రాజాం కోడలు: సంస్కృతం మీరు మీరు చూసుకోండి. నాకు ‘దాచు’ మీద చెప్పాలనుంది. మా అత్తగారు ‘దాసు’ అంటే రెండు రకాలు. చింతపండు దాస్తారు, బెల్లం దాస్తారు, విత్తనాలు బూడిద కలిపి కుండలో దాస్తారు. అది రేపటికి. ఇంకొకటి ‘దాసిపెట్టీడం’. గుంటలు పగలగొట్టిన గాజుగ్లాసు ముక్కలు మంచం కింద దాసిపెట్టేస్తారు. అది భయానికి. ‘దాచు’ ఒక్కటే ఉంటే మొదటిది, ‘దాచిపెట్టు’ అంటే రెండోదని మా ఇంట్లో లెక్క. పద్యంలో ఉన్నది ఉత్త ‘దాఁచు’.

మేష్టారు: అమ్మా, నేను మూడు పేరాల్లో చెప్పలేనిది మీ అత్తగారి కుండ చెప్పేసింది.

పాలకొండ పాఠకుడు: లెక్క ముచ్చటగా ఉంది, నియమం అనలేం. ‘నా దగ్గర ఏమిటి దాస్తున్నావు?’ అంటాం కదా. అక్కడ ‘పెట్టు’ లేకపోయినా దొంగ దాపరికమే.

రాజాం కోడలు: నిజమే. మా అత్తగారికి చెప్తాను, ఒప్పుకుంటుందో లేదో.

విజయనగరం, కోట దగ్గర: అచ్చ తెలుగులో ‘గుట్టు’ ఉంది కదా, ఎవరూ ఎత్తలేదేం? ‘గుట్టుగా బతికారు’ అంటే దొంగబతుకు బతికారని కాదు, పరువుగా బతికారని. గుట్టు పోతే రట్టు. అదే నేరమైతే ‘గుట్టుగా ఉంచాడు’ అనం, ‘కప్పిపుచ్చాడు’ అంటాం. మేష్టారి తేడా సంస్కృత ధాతువుల్లో ఉందో లేదో గానీ తెలుగు మాటల్లో మాత్రం ఎప్పటినుంచో ఉంది. ఇంటిగుట్టు లంకకు చేటు అన్న సామెత ఒక్కటే అడ్డమొస్తుంది. అక్కడ విభీషణుడు గుట్టు విప్పడం మంచిదా చెడ్డదా అని మొదలెడితే ఈ చర్చ సంక్రాంతికి గానీ తేలదు.

ఆమదాలవలస కుర్రాడు: నాది చిన్న డౌటు. ‘అఘము వలన మరల్చు’ అంటే పాపం కారణంగా తిప్పుతాడనా? నేను టెన్త్‌లో అలాగే రాశాను, మార్కులు పడ్డాయి కూడా.

మేష్టారు: మార్కులు వేసినాయన ఎవరో గానీ దయగలవాడు. ‘వలనన్, కంటెన్, పట్టి’ పంచమీ విభక్తి. ఇప్పుడు మనం ‘వలన’ని కారణానికే వాడుతున్నాం, ‘వర్షం వలన బస్సు రాలేదు’ అని. ఇక్కడ ‘నుంచి’ అని అర్థం. పాపం నుంచి మళ్లిస్తాడు. సంస్కృతంలో ‘పాపాత్ నివారయతి’, అదీ పంచమే.

నరసన్నపేట అక్క: నేను సినిమా వైపు నుంచి వస్తాను. పద్యంలో వరస చూడండి. మొదట పాపం నుంచి మళ్లించడం, తర్వాత మేలు చేయించడం, ఆ తర్వాతే గోప్యం దాచడం. జిమ్మీ కత్తి తీసినప్పుడు మళ్లించేవాడు పక్కన లేడు. షాన్ నిజం పట్టుకుని వచ్చేసరికి తెల్లారిపోయింది. మొదటి పని చేయనివాడికి మూడో పని చేసే హక్కు ఎక్కడిది? నా లెక్కలో షాన్ దాస్తే అది స్నేహం కాదు, సిగ్గు. ఆ రోజు కారు వెళ్లిపోతుంటే నిలబడి చూసినవాళ్లు కదా ఇద్దరూ.

ఇంకొకటి. డేవ్‌కి చిన్నప్పుడు జరిగింది, అదీ అసలు గోప్యం. కాపాడాల్సింది. ఆ పిల్లాడి మాట వీధంతటికీ తెలుసు, వాడి ముందు మాత్రం ఎవరూ ఎత్తరు. దాన్ని కాపాడడం అంటే నోరు మూసుకోవడం కాదు, వాడు చెప్పుకునేందుకు ఒక చోటు ఉంచడం. అది ఎవరూ చేయలేదు. కట్టుకున్నావిడ కూడా అనుమానం తెచ్చి జిమ్మీ చెవినే వేసింది. కాపాడాల్సింది గాలికొదిలేశారు, కాపాడకూడనిది కడుపులో పెట్టుకున్నారు. మేష్టారూ, మీ గుహ్యం గోప్యం తేడా నాకు ఈ సినిమాలో తలకిందులుగా కనిపిస్తోంది.

మేష్టారు: అక్కా, ఇది నేను రాయాల్సిన మాట.

పాలకొండ పాఠకుడు: సరే, దీనికి నేను కూడా పడిపోయాను. అయినా షాన్‌ని అంత తొందరగా తీసెయ్యకండి. ఆ వేలి తుపాకీకి ‘నిన్ను వదల్ను’ అన్న అర్థం కూడా ఉంది. అప్పుడు వాడు చేస్తున్నది మొదటి పనే, ఆలస్యంగా.

బొబ్బిలి: ఇద్దరికి ఆస్కార్ వచ్చింది కదా ఈ సినిమాలో?

మేష్టారు: అవును. 2004లో, జిమ్మీగా షాన్ పెన్‌కి ఉత్తమ నటుడు, డేవ్‌గా టిమ్ రాబిన్స్‌కి ఉత్తమ సహాయ నటుడు. డిటెక్టివ్ షాన్‌గా వేసింది కెవిన్ బేకన్. నటుడు షాన్, పాత్ర షాన్ వేరువేరు. మా నేస్తం ఏటా ఇక్కడే తికమక పడతాడు.

విజయనగరం, కోట దగ్గర: పద్యంలో ఇంకో మార్పుంది. మూలంలో ‘గుణాన్ ప్రకటీకరోతి’, అంటే మిత్రుడి మంచి గుణాలు నలుగురికీ చెప్తాడని. తెలుగులో ‘పోషించు గుణము’. చెప్పడం వేరు, పెంచడం వేరు. దీనికి మాత్రం కారణం యతే అనుకుంటాను. పాదం ‘జేయు’తో మొదలైంది, నాలుగో గణం ‘షించు’. జకీ షకీ మైత్రి కుదిరింది. ‘ప్రకటించు’ అని ఉంటే గణమూ తప్పేది, అక్కడ ‘టించు’ పడి యతీ తప్పేది. యతి కోసం మార్చినా నాకు తెలుగే నచ్చింది. మొదటి పాదంలో యతి వెతుక్కోండి, తమాషాగా ఉంటుంది.

ఆమదాలవలస కుర్రాడు: అ... తా? కుదరదే!

విజయనగరం, కోట దగ్గర: హితార్థలో ‘అర్థ’ ఉంది కదా తమ్ముడూ. హిత, అర్థ విడదీసి చూడు. సంధిలో అచ్చు నక్కి కూర్చుంది. స్వరప్రధాన యతి.

ఆమదాలవలస కుర్రాడు: వామ్మో. గోప్యం అంటే అదీ.

పాలకొండ పాఠకుడు: తెలుగులో పోయింది ఒకటుంది, అది కూడా చెప్పుకోవాలి. భర్తృహరిది ‘సన్మిత్ర లక్షణం’. మంచి మిత్రుడి లక్షణాలివి అన్నాడు, అంటే చెడ్డ మిత్రుడు కూడా ఉంటాడని ఒప్పుకున్నట్టే. మనవాడు ‘సత్’ కొట్టేసి ఉత్త ‘మిత్రుఁడు’ అన్నాడు. ఈ లెక్కన ఇవి లేనివాడు చెడ్డ మిత్రుడు కాదు, అసలు మిత్రుడే కాదు. సినిమాలో ముగ్గురూ పరీక్ష తప్పారు.

నరసన్నపేట అక్క: పదకొండేళ్ల పిల్లల పేర్లు సిమెంటులో గట్టిపడిపోయాయండీ. లక్షణాలు చూసి చేసుకున్న స్నేహమా అది, ఒక వీధిలో పుట్టడం వల్ల వచ్చింది.

రాజాం కోడలు: చిన్నప్పటి స్నేహానికి మనవైపు మాట ‘నేస్తం’ కదా. ‘నేస్తం కట్టడం’ మీ ఊళ్లలో ఇంకా ఉందా?

మేష్టారు: మా ఇంట్లో ఉండేది. మా నాయనమ్మకి పక్కూళ్లో ఒక నేస్తం. చిన్నప్పుడే పెద్దవాళ్లు కట్టారట, ఇద్దరికీ ఒకే రకం కోకలు పెట్టి. అప్పట్నుంచీ ఒకర్నొకరు పేరు పెట్టి పిలుచుకోలేదు, ‘నేస్తమా’ అనే. మేం ఆవిణ్ని నేస్తమ్మ అనేవాళ్లం. ఆవిడ అసలు పేరు నాకు ఆవిడ పోయాక, కర్మకాండ కార్డు మీద చూస్తే తెలిసింది.

పండక్కి వచ్చేది. అరిసెలు వండుతూ ఇద్దరూ పొయ్యి దగ్గర గుసగుసలాడుకునేవారు, మేం వెళ్తే ఆపేసేవారు. నాయనమ్మ పోయాక మా నాన్న ఒకసారి అడిగాడు, అమ్మ పెళ్లికి ముందు ఏదో జరిగిందంటారు, ఏటది అని. నేస్తమ్మ నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఊళ్లో ఎవరింట్లో ఏ కూరో కూడా చెప్పేసేది. అలాంటి మనిషి అరిసె పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, “అది నాది కాదు నాయినా. మీ అమ్మ దాసమని ఇచ్చింది, దాసినాను. అడగడానికి ఆవిడ లేదు, ఇయ్యడానికి నాకు హక్కు లేదు” అంది. మా నాన్న మళ్లీ అడగలేదు.

రాజాం కోడలు: కుండలో విత్తనాల్లాగ.

పాలకొండ పాఠకుడు: మేష్టారూ, ఇంతకీ ఆ వెనక బెంచీ గుంటడికి ఏం చెప్పారు?

మేష్టారు: సోమవారం వాడే వచ్చాడు. “సార్, సెల్లు ఇచ్చీసినాడు, నానే తీసుకెళ్లి ఇప్పించినాను. ఎవరని మాత్రం అడక్కండి” అన్నాడు. నేను అడగలేదు.

బొబ్బిలి: ఈ సినిమా తెలుగు మాటలతో ఎక్కడైనా దొరుకుతుందా? మా ఆవిడ చూస్తానంటోంది.