కిట్ కారు: రోజుకో గంటా, వారానికో పూర్తి రోజా?

కొత్త_చాసీ
ఇంట్లో మనమే బిగించుకునే కారు కిట్ వచ్చేసింది. లోటస్ సెవెన్ తరహా స్పేస్‌ఫ్రేమ్ చాసీ (స్టీలు ట్యూబుల చట్రం), పౌడర్ కోటింగ్ (గట్టి పెయింటు పూత) అయిపోయి ఉంది. అల్యూమినియం షీట్లు, ఫైబర్ బాడీ విడిగా వచ్చాయి. ఇంజన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, హబ్‌లు, బ్రేకులు అన్నీ పాత మాజ్దా ఎంఎక్స్-5 నుంచి. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, ఇద్దరం ఉద్యోగాలకు వెళ్లేవాళ్లమే. పిల్లలు పడుకున్నాక రోజుకో గంట చేసుకుపోవడమా, వారానికి ఒక రోజు మొత్తం పెట్టుకోవడమా? రెండూ చెయ్యి అనకండి, కుదరదు.

టార్క్_తాత
రోజుకో గంట. ఇందులో చర్చకేముంది?

మొదటి నెల పనులు చూడు. పౌడర్ కోటింగ్ బోల్టు రంధ్రాల థ్రెడ్లలోకి దిగి ఉంటుంది. ఎం8, ఎం10 ట్యాపులతో (మరలు కోసే పనిముట్లు) ప్రతి రంధ్రం శుభ్రం చేసుకోవాలి. సగం తిప్పు ముందుకి, పావు తిప్పు వెనక్కి, రెండు చుక్కల నూనె. ఇది మానేసి బోల్టును పానాతో బలవంతంగా దింపితే క్రాస్ థ్రెడ్ అయి మరలు చెడతాయి, తర్వాత చాసీకి వెల్డ్ చేసిన నట్టే పోతుంది. విష్‌బోన్ (చక్రాన్ని చాసీకి పట్టి ఉంచే చెయ్యి) బ్రాకెట్ల లోపలి వైపు కూడా కోటింగ్ పేరుకుని సందు తగ్గుతుంది, బుష్ స్లీవ్ (రబ్బరు బుష్‌లోని లోహపు గొట్టం) దూరదు. సుత్తితో కొట్టకుండా ఆ లోపలి ముఖాలు ఫైలుతో గీకాలి. ఎర్త్ పాయింట్ల దగ్గర లోహం కనిపించేదాకా గీకాలి. కోటింగ్ కరెంటును పోనివ్వదు కాబట్టి తర్వాత లైట్లు మిణుకుమిణుకుమంటాయి. ఇవన్నీ చప్పుడు లేని పనులు, ఎక్కడ ఆపినా నష్టం లేనివి.

ఒక్కటే నియమం. రేపు రాత్రి పనేమిటో ఇవాళ లేచేముందే ఒక వాక్యంలో రాసి చాసీకి అంటించు.

ఆదివారం_గ్యారేజీ
తాతగారూ, మీ గంట గంట కాదు. బట్టలు మార్చుకుని, లైటు పెట్టుకుని, నిన్న ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకునేసరికి పది నిమిషాలు. చివర సామాను సర్ది చేతులు కడుక్కోవడానికి ఇంకో పది. మిగిలేది 40. వారానికి ఆరు రాత్రులు వేసుకున్నా 4 గంటలు. నా లెక్కలో పొద్దున దిగితే 9 గంటల్లో ఏడున్నర నికరం. డోనర్ కారుతో, అంటే పాత కారు భాగాలతో, కట్టే కిట్‌కు 200 గంటలు అనుకుందాం, తక్కువే చెప్తున్నా. మీ లెక్కన 50 వారాలు, నా లెక్కన 27.

పైగా కొన్ని పనులు మధ్యలో ఆగవు. ఇంజన్‌ను చాసీలోకి దించేటప్పుడు గేర్‌బాక్స్ కలిపే దించాలి, ముక్కు పైకెత్తి ఏటవాలుగా. హాయిస్ట్ (ఇంజన్ ఎత్తే క్రేన్) మీద వేలాడదీసి "గంటైంది, పడుకుంటా" అనగలమా? హైడ్రాలిక్ జాకీ రాత్రంతా బరువు మొయ్యదు, మెల్లగా దిగిపోతుంది. గేర్‌బాక్స్ కలిపేటప్పుడు దాన్ని ఇంజన్‌కు పట్టే బెల్‌హౌసింగ్ బోల్టులు పడకుండా వదిలేస్తే దాని బరువంతా ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడి క్లచ్ ప్లేటు హబ్ వంగుతుంది.

చూసిపోయేవాడు
లెక్కలు వచ్చేశాయి, ఇక తెల్లారినట్టే.

టార్క్_తాత
27 వారాలు ప్రతి వారం కుదిరితే కదా! ఒక వారం పెళ్లి, ఒక వారం పిల్లాడికి జ్వరం. నాలుగులో రెండు పోతే నీ 27 కాస్తా 54. రాత్రి గంట పోతే పోయేది 40 నిమిషాలే.

ఇంజన్ దించడం మొత్తం కట్టడంలో ఒకసారి, మహా అయితే రెండుసార్లు. దానికోసం వారం వారం ఒక రోజు మింగేస్తానంటే ఎలా?

కొత్త_చాసీ
ఇదే తరహా కార్లు చేసే కేటర్‌హామ్ వాళ్ల కిట్ 80–100 గంటల్లో అయిపోతుందంటారు కదా, నాది 200 ఎందుకు?

టార్క్_తాత
ఆ కిట్‌లో చాసీకి షీట్లు కొట్టి, వైరింగ్ లూము (తీగల కట్ట), బ్రేకు పైపులు, పెట్రోలు పైపులు బిగించి పంపిస్తారు. భాగాలన్నీ కొత్తవి. నీది డోనర్ కారు. తుప్పు పట్టిన బోల్టు ఊడదీయడం, బ్రేకు కాలిపర్ విప్పి సీళ్లు మార్చడం, గ్రీజు కడగడం ఎవరి లెక్కలోకీ రావు. 1957లో లోటస్ స్థాపకుడు చాప్‌మన్ సెవెన్‌ను కిట్‌గా అమ్మింది కూడా బ్రిటన్‌లో కొనుగోలు పన్ను తప్పుతుందనే. మన సాయంత్రాలు మిగిలిద్దామని కాదు.

ఆదివారం_గ్యారేజీ
ఫ్లోర్ సంగతి చెప్పండి. అల్యూమినియం షీటుకూ స్టీలు చాసీకీ మధ్య పాలీయురేథేన్ సీలెంట్ పెట్టాలి. లేకపోతే చెమ్మ తగిలి రెండు లోహాల మధ్య అల్యూమినియం తెల్లగా పొడై రాలుతుంది. ఆ సీలెంట్ గంట లోపే పైపొర కడుతుంది. 120 రివిట్లు చేతి గన్‌తో గంటలో కొట్టి చూపించండి.

టార్క్_తాత
ఫ్లోర్ అంటే రివిట్లు కొట్టడమొక్కటేనా? మొదటి రాత్రి షీటు పెట్టి కింది నుంచి ట్యూబుల గీతలు. రెండో రాత్రి 40–50 మిల్లీమీటర్లకొక గుర్తు. తర్వాత డ్రిల్లు. 4.8 మి.మీ. రివిట్‌కు 4.9 రంధ్రం, నాలుగైదు రంధ్రాలకొక క్లీకో పిన్ను (షీటును తాత్కాలికంగా పట్టి ఉంచేది). అందులో చప్పుడు చేసేది డ్రిల్లొక్కటే, అది సాయంత్రం పిల్లలు మేలుకుని ఉండగా కానిచ్చెయ్. ఇంకో రాత్రి షీటు ఎత్తి రంధ్రాల గరుకు తీసి, రజను తుడిచి, స్పిరిట్‌తో గుడ్డ పెట్టడం. ఇంత అయ్యాక సీలెంట్, రివిట్లు ఒక్క పూట. ఎయిర్ గన్ అయితే గంటలోపే.

ఆదివారం_గ్యారేజీ
ఆ "ఒక్క పూట" ఎక్కడి నుంచి వచ్చింది? మీరే చెప్తున్నారు గంట చాలదని.

టార్క్_తాత
ఏడాదికి నాలుగు పూటలు ఎవరైనా అడుగుతారు బాబూ. 52 అడగరు.

ఆదివారం_గ్యారేజీ
బ్రేకు పైపులకు రండి. వెనక చక్రాల దాకా వెళ్లే పైపు ఒక్క ముక్క. వంచడం మొదలుపెట్టాక మధ్యలో లేస్తే మర్నాడు వంపు ఎటు తిరగాలో మర్చిపోతారు. గంట మనుషులు చేసిన పైపులు చూస్తే తెలిసిపోతుంది, పాము పాకినట్టు ఉంటాయి.

టార్క్_తాత
పాము పాకేది గంట వల్ల కాదు, కొలత తియ్యకపోవడం వల్ల. మెత్తని తీగను ముందు దారి పొడవునా వంచి చూసుకుని, దాన్ని చాపి పొడవు కొలిచి, అప్పుడు పైపు కొయ్యాలి. 4.75 మి.మీ. రాగి-నికెల్ పైపు చేత్తోనే వంగుతుంది, తీగ పక్కన పెట్టుకుంటే మర్నాడు కూడా వంపు ఎటో తెలుస్తుంది. చివరలకు రబ్బరు టోపీలు పెట్టి పడుకో. 300 మి.మీ.కు మించకుండా ఒక్కో క్లిప్పు.

నైలాక్
పైపు కట్టర్‌తో కొయ్యండి, రంపంతో వద్దు. ఫ్లేర్ కొట్టే ముందు, అంటే పైపు అంచు వెడల్పు చేసే ముందు, నట్టు ఎక్కించండి. ఈ మాట చెప్పాల్సిన అవసరం లేదనుకుంటారు. ఉంది.

చూసిపోయేవాడు
రెండు చివరలా ఫ్లేర్ కొట్టాక గుర్తొచ్చేది అదే.

ఆదివారం_గ్యారేజీ
తాతగారికి అసలు ప్రమాదం కనపడట్లేదు. సగం బిగించిన బోల్టు. విష్‌బోన్ బోల్టు చేత్తో తిప్పి, గంట కొట్టిందని లేచి వెళ్లిపోతే రేపు అది బిగించినట్టే కనిపిస్తుంది. అలా వదిలేసిన బోల్టుల మీదే ఆ పిల్లల్ని ఎక్కించుకుని తిరగాలి.

టార్క్_తాత
పిల్లల్ని మధ్యలోకి లాగకు. టార్క్ రెంచి (ఎంత బిగించామో కొలిచే పానా) పెట్టాక పసుపు పెయింట్ మార్కర్‌తో నట్టు మీంచి బ్రాకెట్ మీదికి ఒక గీత. గీత లేదంటే బిగించనట్టే. పొద్దుటి నుంచి తొమ్మిది గంటలు పని చేసినవాడు ఎనిమిదో గంటలో ఏ బోల్టు బిగించాడో చెప్పగలడా? అలసిన చెయ్యి అబద్ధం చెప్తుంది.

ఇంకో మాట. రబ్బరు బుష్ ఉన్న బోల్టులు మొదట్లోనే పూర్తిగా బిగించకూడదు. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలితిరిగి ఉండిపోతుంది, కొన్నాళ్లకు చిరుగుతుంది. బరువు పడ్డాకే చివరి టార్క్. కాబట్టి నీ పూర్తి రోజు మనిషి కూడా బోల్టులు నెలల పాటు సగమే బిగించి ఉంచాల్సిందే. గీత అప్పుడు వాడికీ కావాలి.

నైలాక్
బిగించి విప్పితే నైలాక్ నట్టు మార్చండి. నైలాన్ రింగు పట్టు తగ్గుతుంది. అమరిక చూసుకునేటప్పుడు మామూలు నట్లు వాడండి, చివర్లోనే నైలాక్. బోల్టు కనీసం ఒక థ్రెడ్ అయినా నట్టు బయటికి రావాలి.

ఆదివారం_గ్యారేజీ
నైలాక్ సంగతి ఎవరడిగారు? నేను చెప్పేది వేరు. క్రితం చర్చలో నేను ఇదే అంటే "ఇల్లు పట్టనివాడు" అన్నారు. ఎవరన్నారో నాకు గుర్తుంది. ఇప్పుడదే మర్యాదగా చెప్తున్నారు.

టార్క్_తాత
నేనే అన్నాను. తొమ్మిది గంటలు గ్యారేజీ తలుపు వేసుకుంటే లోపల కారు తయారవుతుంది సరే, బయట ఇద్దరు పిల్లల్ని తొమ్మిది గంటలు ఒక్కరే చూసుకుంటున్నారు. ఆ గంటలు నీ 200లో ఎక్కడున్నాయి?

ఆదివారం_గ్యారేజీ
మరి మీ రాత్రుల సంగతి? పిల్లలు పడుకున్నాకే కదా ఇద్దరికీ కాస్త మాట్లాడుకునే తీరిక. వారానికి ఆరు రాత్రులూ అదే పోతోంది. నేను ఒక్క రోజు తీసుకుని మిగతా ఆరు పూర్తిగా ఇంట్లో ఉండమంటున్నా. మీరు ఆరు రోజులూ సగం సగం ఉండమంటున్నారు.

చూసిపోయేవాడు
ఇప్పుడొచ్చారు అసలు దారికి.

లూమ్_లలిత
పైనుంచి అంతా చదివాను. ఒకరికి పని పూర్తయితే తప్ప చెయ్యి ఆగదు, ఇంకొకరికి గడియారం కొడితే ఆగిపోవాలి. మీరిద్దరూ దాని మీదే కొట్టుకుంటున్నారు, గంటల లెక్కలు పైపైనే. ఇంట్లో ఉన్న మనిషి అడిగేది "ఎప్పుడొస్తావు?" అని. గంటన్నా రోజన్నా, చెప్పిన వేళకు తలుపు తెరుచుకుంటే చాలు. "ఈ ఒక్క బోల్టు" అన్న మాట దగ్గరే ఇద్దరి పద్ధతులూ చెడిపోతాయి.

కొత్త_చాసీ గారూ, చప్పుడు ఉన్నవీ లేనివీ అని పనుల్ని విడగొట్టుకోండి. వైరింగ్ పూర్తిగా రాత్రి పని. లూమును నేల మీద పరిచి, ప్రతి తీగకూ రెండు చివర్లా పేరు అంటించండి. డోనర్ లూములో ఎయిర్ బ్యాగు, అద్దాల మోటార్ల తీగలు తీసేసే ముందు ఏ తీగ ఎక్కడ చీలిందో టేపు విప్పి చూడండి, ఒకే ఎర్త్ మీద నాలుగు వేలాడుతుంటాయి. ఎల్ఈడీ ఇండికేటర్లు పెడితే పాత ఫ్లాషర్ రిలే గబగబా కొట్టుకుంటుంది, ఎలక్ట్రానిక్‌ది మార్చాలి.

పిల్లలున్న ఇల్లు కాబట్టి ఇంకొన్ని. కూలెంట్ తియ్యగా ఉంటుంది, ఇథిలీన్ గ్లైకాల్ విషం. పారబోసేదాకా మూత ఉన్న డబ్బాలో, తాళం వేసిన అరలో ఉంచండి. ఫైబర్ బాడీ రుద్దిన బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు, దురద వాళ్లకు అంటుకుంటుంది. రుద్దే ముందు నీళ్లు చల్లుకుంటే దుమ్ము లేవదు. జాకీ మీద మాత్రమే ఉన్న బండి కిందికి ఎవరూ దూరకూడదు, స్టాండ్లు పడాల్సిందే.

టార్క్_తాత
లలితగారు చెప్పింది బాగానే ఉంది కానీ గడియారం అని నన్నే అన్నట్టుంది.

ఆదివారం_గ్యారేజీ
లేదు లెండి, ఎక్కువ నన్నే అన్నారు. అయినా ఇంజన్ దించే రోజు గడియారం చూడను. చూడకూడదు కూడా.

లూమ్_లలిత
ఆ రోజు చూడొద్దు, ముందే చెప్పి చెయ్యండి. బ్రేకుల గాలి తీసే పూట కూడా ముందే అడిగి పెట్టుకోండి, దానికి ఎలాగూ ఇంకో మనిషి కావాలి. లోపల కూర్చున్నవాళ్లు "తొక్కి పట్టా" అన్నాకే మీరు చక్రం దగ్గరి నిపుల్ (గాలి వదిలే స్క్రూ) తెరవాలి, నిపుల్ మూసి "వదులు" అన్నాకే వాళ్లు కాలు తియ్యాలి. తెరిచి ఉండగా పెడల్ వదిలితే గాలి మళ్లీ లోపలికే పోతుంది, మొదటికొస్తారు. పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్‌కు బాగా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి. బ్రేకు ద్రవపు రిజర్వాయర్ ఎండిపోకుండా ఒక కన్ను వెయ్యండి. ఆ ద్రవం (డాట్ 4) పెయింట్‌ను తినేస్తుంది, చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి. మూత తీసి నెలలైన సీసా వాడొద్దు, గాలిలో చెమ్మ పీల్చేసి ఉంటుంది.

కొత్త_చాసీ
సరే. ఈ నెలంతా రాత్రులు, తొమ్మిది నుంచి పది. ట్యాపులు, పైపులు, లూము. ఫ్లోర్‌కూ ఇంజన్‌కూ రెండు పూటలు అడిగి క్యాలెండర్ మీద రాశాం. ఒక్క ప్రశ్న మిగిలింది. బ్రేకు పైపు చివర ఫ్లేర్ ఆకారం డబులా, బబులా?

ఆదివారం_గ్యారేజీ
రెండు పూటలు చాలవు. రాసి పెట్టుకో.

నైలాక్
ఎంఎక్స్-5 వైపు ఎం10x1 నట్టు, డబుల్ ఫ్లేర్. కిట్‌తో వచ్చిన మూడు దారుల యూనియన్ (పైపులు కలిపే ముక్క) లోపల చూడు. మధ్యలో మొన ముందుకు పొడుచుకొచ్చి ఉంటే డబుల్, లోపలికి గుంటగా ఉంటే బబుల్. రెండూ కలిపితే ఎంత బిగించినా చెమరుస్తుంది.

కొత్త_చాసీ
మొన ఉంది. డబులే. ఇప్పుడే రెండు చివరలా కొట్టా, మొదటిసారికే చాలా చక్కగా వచ్చాయి.

చూసిపోయేవాడు
నట్లు?

కొత్త_చాసీ
ఇంకో పైపు కోస్తున్నా.