"జురాసిక్ యుగం" అనాలా, "జురాసిక్ కాలం" అనాలా?

లబ్బీపేట అత్త:
మా మేనకోడలు తెలుగు మీడియంలో పోటీ పరీక్షలకు చదువుతోంది. నిన్న రాత్రి నోట్సు తెచ్చి నా ముందు పడేసింది. ఒకే పేజీలో మధ్యజీవ మహాయుగం, జురాసిక్ యుగం, మంచు యుగం, రాతియుగం! "అన్నీ యుగాలే అయితే ఏది ఎందులో ఇముడుతుంది అత్తా?" అంటుంది. భూమి చరిత్రని ముక్కలుగా విడగొట్టడానికి ఇంగ్లీషులో పెద్దదాని నుంచి చిన్నదానికి ఇయాన్, ఎరా, పీరియడ్, ఎపోక్ అని ముఖ్యంగా నాలుగు మెట్లున్నాయట. పొద్దున పూజలో సంకల్పం చెప్పుకుంటుంటే తట్టింది. "శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమ పాదే" అంటాం కదా, పెద్దదాని నుంచి చిన్నదానికి నాలుగు మెట్లూ వరసగా ఉన్నాయి. ఇవే వాడుకుంటే పోలా?

బ్రాడీపేట మాస్టారు:
బాగా పట్టుకున్నావమ్మా. కలియుగం 4,32,000 ఏళ్లు. నాలుగు యుగాలూ కలిస్తే మహాయుగం, 43,20,000. అలాంటివి వెయ్యి అయితే కల్పం, అంటే 432 కోట్లు. సైన్సువాళ్లు భూమి వయసు 454 కోట్లంటున్నారు. మన పెద్దలు ఎంత దగ్గరగా వచ్చారో చూడు!

కొండరాళ్లు:
మాస్టారూ, ఒక్క నిమిషం. అదే సంకల్పం ప్రకారం మనం ఉన్నది కల్పంలోని పద్నాలుగు మన్వంతరాల్లో ఏడోదాంట్లో. ఈ కల్పంలో ఇప్పటికి గడిచింది సుమారు 197 కోట్లే. 432 కల్పం మొత్తం నిడివి. పెళ్లికొడుకు వయసెంత అని అడిగితే జాతకంలో ఆయుర్దాయం చదివినట్టుంది మీ పోలిక. 454 కోట్ల సంగతి వేరు. యురేనియం ఎంత వేగంగా సీసంగా మారుతుందో తెలుసు కాబట్టి, 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కల్లోని సీసాన్ని కొలిచి 455 కోట్లు, అటో ఇటో 7 కోట్లు అని తేల్చాడు. ఇప్పటికీ ఆ అంకె పెద్దగా కదల్లేదు.

బ్రాడీపేట మాస్టారు:
సరే, ఒప్పుకున్నా. వయసు వదిలేయ్. మాటలు వాడుకోవడానికి అభ్యంతరమేంటి?

కొండరాళ్లు:
నాకు అసలు చిక్కు అక్కడే. యుగం, మన్వంతరం, కల్పం అన్నీ ముందే కొలిచి కోసిన గుడ్డ ముక్కలు. ఏ మన్వంతరం తీసుకున్నా నిడివి ఒకటే. భూగర్భశాస్త్రంలో కొలత ముందు ఉండదు, రాళ్లలో గీత దొరికాక లెక్క వస్తుంది. 25.2 కోట్ల ఏళ్ల కిందట సముద్ర జీవజాతుల్లో చాలా భాగం తుడిచిపెట్టుకుపోయాయి, అక్కడొక గీత. 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లు పోయాయి, అక్కడ ఇంకోటి. ఆ మధ్యలోదే మధ్యజీవ మహాయుగం అనే ఎరా, 18.6 కోట్ల ఏళ్లు. పురాణాల మహాయుగాలు అందులో 43 పడతాయి! ఇయాన్లు కూడా అంతే. ఇప్పుడు నడుస్తున్నదానికి 54 కోట్ల ఏళ్లు, దాని ముందుది 196 కోట్లు. కల్పం అని పేరు పెడితే పిల్లలు అన్నీ సమానమే అనుకుంటారు.

లబ్బీపేట అత్త:
అయితే శాతవాహనుల కాలం, రెడ్డిరాజుల కాలం అంటామే, అలాగన్నమాట. ఒకరిది నాలుగు వందల ఏళ్లు, ఇంకొకరిది వంద. ఏదో జరిగింది కాబట్టి అక్కడ గీత గీశాం.

కొండరాళ్లు:
అదీ! అందుకే నా ఓటు "జురాసిక్ కాలం"కే.

బ్రాడీపేట మాస్టారు:
పీరియడ్‌కి కాలం బాగానే ఉంది. ఎరాకి "మహాయుగం" మాత్రం పుస్తకాల్లో పాతుకుపోయింది, ఇప్పుడు పీకలేం. రాతియుగాన్ని ఈ నిచ్చెన మీద పెట్టకండి. అది మనిషి చేతి పనిముట్ల లెక్క, భూమి లెక్క కాదు. అన్నట్టు, మనకి ఇంకో మాయమాట ఉంది, "అనాదిగా". ఆది లేదట! ఇంద్రకీలాద్రి అనాదిగా ఉంది అంటాం, పక్కన కృష్ణ పరిచిన ఒండ్రుమట్టి కూడా అనాదిగా ఉందంటాం.

కొండరాళ్లు:
ఆ కొండరాయి వంద కోట్ల ఏళ్లు పైబడినది మాస్టారూ. మనం వరి వేసే పైమట్టి కొన్ని వేల ఏళ్లది.

లబ్బీపేట అత్త:
ఈ కోట్లు నోటికి ఎక్కుతున్నాయి గానీ బుర్రకి ఎక్కట్లేదు. బ్యాంకులో కోటికీ పది కోట్లకీ తేడా తెలుస్తుంది. ఏళ్లలో తెలియట్లేదు.

కొండరాళ్లు:
రైలెక్కండి అయితే. చెన్నై నుంచి విజయవాడకి సుమారు 430 కిలోమీటర్లు. భూమి పుట్టినప్పుడు బండి చెన్నైలో బయల్దేరింది, ఇప్పుడు మన స్టేషన్లో ఆగింది అనుకుందాం. కిలోమీటరుకి కోటి ఏళ్ల పైచిలుకు. నాయుడుపేట చేరేలోపే సూక్ష్మజీవులు వచ్చేశాయి. గాలిలో ఆక్సిజన్ చేరడం నెల్లూరు దాటాక. మన కొండరాయి తయారయ్యేనాటికి బండి ఇంకా చీరాల రాలేదు. డైనోసార్లు తెనాలి దాటాక ఎక్కి, కృష్ణ వంతెన దగ్గరపడుతుండగా దిగిపోయాయి. మనిషి వచ్చి 3 లక్షల ఏళ్లు. అది ప్లాట్‌ఫారం మీద 28 మీటర్లు, అంటే ఒక బోగీ కన్నా కాస్త ఎక్కువ.

బ్రాడీపేట మాస్టారు:
మరి నన్నయ?

కొండరాళ్లు:
వెయ్యేళ్లకి తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. బెత్తెడు కన్నా కొంచెం ఎక్కువ.

లబ్బీపేట అత్త:
పిల్లకి చదివి వినిపించా. ఎనభై ఏళ్ల బతుక్కి ఎంతొస్తుందని లెక్క కట్టింది. ఏడున్నర మిల్లీమీటర్లట. వంటింట్లోంచి బియ్యపు గింజ తెచ్చి స్కేలు పక్కన పెట్టి, "ఇంకొంచెం పొడుగు గింజ లేదా అత్తా?" అంటోంది.

తెనాలి వాణ్ణి:
ఇంతసేపూ చూస్తున్నా. మా స్టేషన్‌ని "దాటాక, దాటాక" అంటున్నారే గానీ, అక్కడ ఏం జరిగిందో ఒక్కరూ చెప్పరేం?

కొండరాళ్లు:
మీ ఊరు దాటిన కాసేపటికే సింగరేణి బొగ్గుకి మూలమైన అడవులు పెరిగాయండీ.

తెనాలి వాణ్ణి:
మళ్లీ దాటాకే!