కలగూరగంప తిట్టా? ఒక ర్యాప్ ఆల్బమ్ దగ్గర మొదలైన చర్చ

పోస్టు:
ఒక సందేహం, పెద్దలు తీర్చాలి. ర్యాప్ ఆల్బమ్‌ల గురించి తెలుగులో రాస్తుంటాను. అమెరికన్ ర్యాపర్ కాన్యే వెస్ట్ లేబుల్ (పాటలు విడుదల చేసే కంపెనీ) గుడ్ మ్యూజిక్ 2012లో ‘క్రూయెల్ సమ్మర్’ అని ఒకటి తెచ్చింది. ఒక్కడి ఆల్బమ్ కాదు, లేబుల్‌లో ఉన్నవాళ్లూ బయటి అతిథులూ కలిసి చేసిన 12 పాటలు. మొదటి వారంలోనే 2 లక్షలకు పైగా అమ్ముడై అమెరికా ఆల్బమ్‌ల పట్టిక బిల్‌బోర్డ్ 200లో రెండో స్థానంలో దిగింది. విమర్శకులు మాత్రం సగం మెచ్చుకుని సగం పెదవి విరిచారు. దాన్ని నేను ‘కలగూరగంప’ అని రాశాను. చదివిన ఫ్రెండ్ "అంత మాట అనేశావేంట్రా" అన్నాడు. తిట్టాలని కాదు, రకరకాలవి ఒకచోట ఉన్నాయని చెప్పాలనుకున్నా, అంతే. కలగూరగంప తిట్టేనా? పోనీ సంకలనం అననా, కదంబం అననా?

జవాబు (తెనాలి):
సంకలనం అంటే ఎవరికీ కోపం రాదు, అలాగని ఏమీ తెలియదు కూడా. మా బడి రోజుల్లో కూడికకు ఆ పేరు, తీసివేత వ్యవకలనం. కథల సంకలనం, వ్యాసాల సంకలనం అన్నా అంతే, కలిపారని మాత్రమే తెలుస్తుంది. మీరు రాసేది సమీక్ష కదా, కొంచెం అభిప్రాయం ఉన్న మాటే కావాలి.

ఇక కలగూర. కలబోత, కలగలుపు, కలనేత అంటామే, ఆ ‘కల’ ఇదే. కలిసిన కూర. మాటలో ఎక్కడా తిట్టు లేదు. వాడుకలో మాత్రం ‘పొందిక లేదు’ అనే అర్థం ఎక్కేసింది. మీ ఫ్రెండ్ విన్నది ఆ రెండోదాన్ని.

జవాబు (వరంగల్):
గంపను తిట్టు అంటే నేనొప్పుకోను మాస్టారూ. మా వాడకు ఆకుకూరలామె వచ్చేది. తోటకూర, పాలకూర, చుక్కకూర, గంగవాయిలు కూర, అన్నీ ఒకే గంపల. కానీ దేని కట్ట దానిదే, మనకు కావాల్సిన కట్ట తీసుకుంటం. గంప మొత్తం రుచి ఎట్లున్నదని ఎవరూ అడగరు. తమ్ముడూ, నీ ఆల్బమ్‌ను జనం అట్లనే విన్నారా? అయితే ఆ మాట సరిపోయింది.

పోస్టు పెట్టినవారు:
అక్కా, అచ్చం అలాగే విన్నారు! ‘మెర్సీ’, ‘కోల్డ్’, ‘న్యూ గాడ్ ఫ్లో’, ‘క్లిక్’ నాలుగూ ఆల్బమ్ కంటే ముందే సింగిల్స్‌గా, అంటే విడి పాటలుగా వచ్చేశాయి. మంచి కట్టలు ముందే అమ్ముడైపోయాయన్నమాట. ‘మెర్సీ’లో బిగ్ షాన్, పుషా టి, కాన్యే, 2 చైన్జ్ నలుగురూ వంతులేసుకుని పాడతారు, ఒకడిని మించి ఇంకొకడు. ఆల్బమ్ చివరికొచ్చేసరికి ఆ ఊపు ఉండదు. పదో పాట ‘క్రీపర్స్’ కిడ్ కడీ ఒక్కడిదే. పదకొండోది ‘బ్లిస్’, జాన్ లెజెండ్, టెయానా టేలర్ పాడుకున్న యుగళగీతం. రెండింట్లోనూ కాన్యే గొంతు వినపడదు. మొదట్లో ఉన్నంత బలం చివర్లో లేదన్నదే చాలామంది ఫిర్యాదు.

జవాబు (తెనాలి):
అయితే అది గంప కాదు, కదంబమే. మల్లె, కనకాంబరం, మరువం, దవనం... దేని వాసన దానిదే, దారం మాత్రం ఒకటి. ఇక్కడ కాన్యేనే దారం. పూలు బాగాలేక కాదు, చివర్లో దారం లేక జారిపోయాయి.

జవాబు (డాలస్):
మాస్టారూ, మీకు కదంబం అంటే దండ. మా ఇంట్లో అయితే తినేది. దసరాకి అమ్మ చేసేది, బియ్యం, పప్పు, ఉన్న కూరగాయలన్నీ వేసి. అందులో దారం ఎక్కడుంది? అంతా ఒకే గిన్నెలో ఉడకడమే.

ఆ అర్థానికి తగిన ఆల్బమ్ కూడా ఉంది. ర్యాపర్ జె. కోల్ లేబుల్ డ్రీమ్‌విల్ 2019లో తెచ్చిన ‘రివెంజ్ ఆఫ్ ద డ్రీమర్స్ 3’. ఆ జనవరిలో అట్లాంటా స్టూడియోలో 10 రోజులు మకాం వేసి, సోషల్ మీడియాలో ఆహ్వాన పత్రికలు పంచి, సొంతవాళ్లనీ బయటివాళ్లనీ పిలిచి వండారు. ‘డౌన్ బ్యాడ్’ వినండి. జె.ఐ.డి., బాస్, కోల్, ఎర్త్‌గ్యాంగ్, యంగ్ నూడీ, ఎవరి వంతు ఎప్పుడొచ్చి వెళ్లిందో తెలియదు. బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానం, ఉత్తమ ర్యాప్ ఆల్బమ్‌గా గ్రామీ నామినేషన్. 18 పాటలు ఎక్కువయ్యాయని నాకూ అనిపించింది కానీ, అందరూ ఒక గదిలో ఉన్నారని మాత్రం వినగానే తెలుస్తుంది.

జవాబు (వరంగల్):
అందుల ‘మిడిల్ చైల్డ్’ కోల్ ఒక్కడే పాడింది గద? అది కూడా ముందే బయటికొచ్చిన పాటనే. అది గిన్నెల ఉడికింది కాదు, పక్కకు వేసిన ఆవకాయ ముక్క.

జవాబు (డాలస్):
ఒప్పుకున్నా. కానీ ఆవకాయ లేకపోతే ముద్ద దిగుతుందా అక్కా?

పోస్టు పెట్టినవారు:
ఇంకొకటి కూడా తేల్చండి. ఈ సమీక్షల్లో ‘ఫిల్లర్’ అనే మాట లేకుండా ఉండదు. ఆల్బమ్ నింపడానికి వేసిన పాట. ‘పాదపూరణం’ అనొచ్చా? పద్యంలో గణం చాలనప్పుడు అరయ, తగన్, ఒగిన్ అని వేస్తారు కదా.

జవాబు (తెనాలి):
పోలిక బాగుంది, ఒక్క తేడా ఉంది. పాదపూరణం ఛందస్సు కోసం. అది తీసేస్తే పాదం కుంటుతుంది. మీ ఫిల్లర్ తీసేస్తే ఆల్బమ్ కుంటుతుందా?

పోస్టు పెట్టినవారు:
ఆల్బమ్ కుంటదు, లేబుల్ కుంటుతుంది. కాంట్రాక్టు ఇచ్చిన ప్రతివాడికీ ఒక చోటు చూపించాలి కదా మాస్టారూ. అదే వాళ్ల ఛందస్సు.

జవాబు (వరంగల్):
దానికి పాదపూరణం ఎందుకు, ‘మొహమాటం పాట’ అను. పెళ్లి పత్రికల బంధువుల పేర్లన్నీ వేసినట్టు. ఒక్క పేరు తప్పిందంటే వాళ్లు పెళ్లికే రారు.

జవాబు (తెనాలి):
ఇది నాకు నచ్చింది. లేబుల్ ఆల్బమ్‌లకైతే నా ఓటు దీనికే. ఒక్కడి ఆల్బమ్‌లో ఫిల్లర్‌కి మాత్రం పాదపూరణం ఉంచుకోండి, అక్కడ మొహమాటపడటానికి ఎవరూ ఉండరు.

పోస్టు పెట్టినవారు:
అందరికీ థాంక్స్. వాక్యం ఇలా మార్చాను: "‘క్రూయెల్ సమ్మర్’ నిజానికి చూడబోతే దారం తెగిన కదంబం." ఎలా ఉంది?

జవాబు (తెనాలి):
బాగుంది. ‘నిజానికి చూడబోతే’ తీసేయండి. అది పాదపూరణం.