టాబర్ లాంటి పన్ను పరిమితికి సంతకం పెట్టొచ్చా? కొలరాడో వాళ్లు చెప్పండి

అరోరా నాగు:
మా బావమరిది వేరే రాష్ట్రంలో ఉంటాడు. కిరాణా కొట్టు బయట ఎవరో అట్టా పెన్నూ పట్టుకుని ‘ప్రభుత్వం ఖర్చుకి కళ్లెం వేద్దాం, సంతకం పెట్టండి’ అన్నారట. ‘మీ దగ్గర ఉన్నదే కదా, పెట్టమంటావా?’ అని ఫోన్ చేశాడు. వద్దన్నాను. ఎందుకో రాస్తున్నా, తప్పుంటే దులిపెయ్యండి.

కొత్తవాళ్ల కోసం: టాబర్ అంటే పన్ను కట్టేవాళ్ల హక్కుల పత్రం. 1992లో ఇక్కడ కొలరాడోలో జనం ఓటేసి రాష్ట్ర రాజ్యాంగంలో పెట్టుకున్నారు. ఏ పన్ను పెంచాలన్నా జనం ఓటు కావాలి. దాంతో నాకు పేచీ లేదు. రెండోది, ధరలూ జనాభా ఎంత పెరిగితే రాష్ట్ర రాబడి అంతే పెరగాలి, పైన వచ్చింది తిరిగి ఇచ్చెయ్యాలి. గొడవంతా దీంతోనే.

ధరల సూచీ కొలిచేది మన ఇంటి ఖర్చుని. పాలు, అద్దె, పెట్రోలు. రాష్ట్రం కొనేదేమో టీచర్ల పని, వైద్యం, రోడ్డు మీద తారు. వాటి ధరలు వేరే దారిన పోతాయి. డెబ్బై దాటినవాళ్లు ఎక్కువైతే వైద్యం ఖర్చు పెరుగుతుంది, జనాభా లెక్కలో మాత్రం ఎవరైనా ఒక తలే. చెప్పు కోసం కాలు కోసుకున్నట్టుంది.

అసలు దెబ్బ 2001 మాంద్యం తర్వాత తగిలింది. రాబడి పడిపోయింది, మరుసటి ఏడు పరిమితిని ఆ పడిపోయిన అంకె మీదే లెక్కగట్టాలి. కరువు ఏడు తాగిన గంజే పంటలు పండాక కూడా కొలత అన్నమాట! 2005లో ‘రెఫరెండం సి’ అనే ప్రతిపాదన జనం ఓటుకి పెట్టి పరిమితిని ఐదేళ్లు ఆపారు, ఆ జారుడు లెక్కనీ తీసేశారు. అడిగిందెవరు? పన్నులు పెంచొద్దనే రిపబ్లికన్ పార్టీ గవర్నరే, బిల్ ఓవెన్స్.

లెక్కల శాస్త్రి:
నాగు గారూ, మీ కేసు మీరే ఓడగొట్టుకున్నారు. తప్పుందని జనానికి చెప్పారు, జనం సరిచేశారు. పద్ధతి పనిచేసినట్టే కదా? 2017లో ఇండియాలో జీఎస్టీ వచ్చినప్పుడు మనవాళ్లని ఎవరైనా ఓటు అడిగారా? ఇక్కడ అడుగుతారు. 2019లో ‘మిగులు మేమే ఉంచుకుంటాం’ అని ప్రాపోజిషన్ సిసి తెస్తే జనం వద్దన్నారు. 2022లో మా ఇద్దరికీ కలిపి 1,500 డాలర్ల చెక్కు వచ్చింది. ప్రకటనల కవరేమో అని చింపబోయాను. అది నా డబ్బు, నాకొచ్చింది.

స్ప్రింగ్స్ పద్మ:
చెక్కు సరే శాస్త్రి గారూ, 2010లో కొలరాడో స్ప్రింగ్స్ చూశారా? ఆ ఊరికి సొంత టాబర్ 1991 నుంచే ఉంది. 2009 నవంబరులో ఇంటిపన్ను పెంపు అడిగితే జనం కొట్టేశారు. ఆపైన వీధి దీపాల్లో దాదాపు మూడోవంతు ఆర్పేశారు. పార్కుల్లో చెత్త డబ్బాలు ఎత్తేశారు, నీళ్లు తగ్గించేసరికి గడ్డి ఎండి గోధుమరంగుకి తిరిగింది. దీపం కావాలంటే మీరే డబ్బు కట్టి వెలిగించుకోవచ్చన్నారు. రాత్రి కారులో పోతుంటే వెలుగు, చీకటి, మళ్లీ వెలుగు.

పాత కాపు:
టాబర్ రాసిన డగ్లస్ బ్రూస్ పన్ను ఎగవేత కేసులో దోషి అని 2011లో తేలింది. అదీ రాయండి 😀

అరోరా నాగు:
అది ఆయన కర్మ. చట్టం మంచిచెడ్డలకి దాంతో పనిలేదు, వదిలెయ్యండి.

లెక్కల శాస్త్రి:
పద్మ గారూ, 2008 తర్వాతి మాంద్యంలో టాబర్ లేని ఊళ్లు కూడా దీపాలు ఆర్పాయి. పైగా పన్ను వద్దన్నది ఆ ఊరివాళ్లే.

అరోరా నాగు:
ఒప్పుకుంటా. కానీ పన్నుకి ఓటు కావాలి, ఫీజుకి చాలాసార్లు అక్కర్లేదు. 2022 జూలైలో ఇంటికి వచ్చే డెలివరీల మీద 27 సెంట్ల ఫీజు మొదలైంది, ఆరు చిన్న ఫీజులు కలిపి. టీవీ తెప్పించుకున్నా ఫోన్ కవరు తెప్పించుకున్నా అదే మొత్తం. ముందు తలుపు మూస్తే పెరటి గుమ్మంలోంచి వచ్చారు. శాస్త్రి గారూ, దీనికి మిమ్మల్ని ఎవరడిగారు?

లెక్కల శాస్త్రి:
అడగలేదు. అందుకే ఫీజులకీ ఓటు ఉండాలంటాను. మీరు కంచె పీకమంటున్నారు, నేను ఇంకా ఎత్తు కట్టమంటున్నాను.

వీసా వెంకన్న:
మధ్యలో నాదొక మాట. హెచ్1బీ మీద ఉన్నాను, పన్ను కడతాను, 2022లో 750 డాలర్లూ వచ్చాయి. ఓటు మాత్రం లేదు. ‘జనాన్ని అడుగుతారు’ అన్నప్పుడల్లా మా ఆవిడ నావైపు చూసి నవ్వుతుంది.

స్ప్రింగ్స్ పద్మ:
మెయిన్ రాష్ట్రంలో ఇలాంటిదే 2006లో పెట్టారు, 2009లో మళ్లీ పెట్టారు. రెండుసార్లూ జనం ఓడించారు. ఇంతకీ మీ బావమరిది సంతకం పెట్టాడా నాగు గారూ?

అరోరా నాగు:
ఇంకా లేదు. ఆ కాగితం మొత్తం ఫోటో తీసి పంపమన్నాను. రాబడి పడిపోతే మరుసటి ఏడు పరిమితిని ఏ అంకె మీద కడతారో, ముందు అది చూడాలి.

లెక్కల శాస్త్రి:
వస్తే ఇక్కడ పెట్టండి, నేనూ చూస్తాను. ఫీజుల గురించి ఏం రాశారో కూడా.