సలాడ్ బర్నెట్ పూబంతి, ఆకులు వాటర్‌కలర్‌లో: ఎర్ర పోగులు బురదగా మారకుండా ఎలా వేయాలి?

కుంచె_ములుకు

అందరికీ నమస్కారమండీ. ఇంగ్లండ్‌లో సౌత్ డౌన్స్ సుద్దకొండల గడ్డిలో పెరిగే మొక్కల్ని షీటుకొకటి చొప్పున వాటర్‌కలర్‌లో వేస్తున్నాను. ఇప్పుడు సలాడ్ బర్నెట్ వంతు. పోటీరియం సాంగ్విసోర్బా అనీ, సాంగ్విసోర్బా మైనర్ అనీ రెండు పేర్లూ వాడుకలో ఉన్న మొక్క. నాలుగు చోట్ల పని ఆగింది.

పూబంతి అడ్డంగా సెంటీమీటరు, అంతే. పైన ఎర్రటి పోగులు, కింద వేలాడే కేసరాలు. అసలు సైజులో వేస్తే పైభాగం గోధుమరంగు మచ్చగా తయారవుతోంది. ఏది ముందు వేయాలి, ఏది తరవాత?

నేలకు ఆనుకుని ఉండే ఆకుల గుత్తి వేస్తే ఫెర్న్ మొక్కలా కనిపిస్తోంది. లోపం ఎక్కడ?

పాత మూలికా గ్రంథం స్కాన్ ఒకటి దొరికింది. పలక మీద పింపినెల్లా అని ఉంది. ఆకులు అచ్చం ఇవే, పూలు మాత్రం తెల్లగా గొడుగులా ఉన్నాయి. ఆకుల వరకు దాన్ని చూసి వేయొచ్చా?

చివరిది: పోల్చి చూపడానికి దీని బంధువు గ్రేట్ బర్నెట్‌ను కూడా ఇదే షీటులో పెడితే బాగుంటుందా?

ఆకు_ఈనె

మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, అది తేలకపోతే మిగతా పనంతా వృథా. ఆ స్కాన్‌లో ఉన్నది వేరే మొక్క: బర్నెట్ సాక్సిఫ్రేజ్, పింపినెల్లా సాక్సిఫ్రాగా. కొత్తిమీర, సోంపు కుటుంబానిది. మీరు వేస్తున్నది గులాబీ కుటుంబానిది. వేరు దగ్గరి ఆకులు ఒకేలా ఉండడంతో పాత మూలికా గ్రంథాల్లో పింపినెల్లా అన్న పేరు రెండింటికీ నడిచింది. కాబట్టి పాత పలక చేతికొస్తే దాని మీది పేరు పక్కన పెట్టి పువ్వు చూడండి. పువ్వు లేని పలకైతే అసలు తీసుకోకండి.

ఆకు చూసి తేల్చాలంటే పత్రపుచ్ఛాలు (తొడిమ అడుగున ఉండే చిన్న ఆకుల్లాంటివి) చూడాలి. సలాడ్ బర్నెట్ కాండం మీది ఆకుల్లో తొడిమ మొదట్లో రంపపు అంచున్న చిన్న పత్రపుచ్ఛాల జత ఉంటుంది. సాక్సిఫ్రేజ్‌కు అవి ఉండవు, తొడిమ అడుగు తొడుగులా వెడల్పై కాండాన్ని పట్టుకుని ఉంటుంది. బర్నెట్ పత్రకాలకు (ఒక ఆకులోని చిన్న చిన్న ఆకులకు) పొట్టి కాడ ఉంటుంది, సాక్సిఫ్రేజ్ పత్రకాలు నేరుగా ఈనెకే అతుక్కుంటాయి. సాక్సిఫ్రేజ్ కాండం మీదికి వెళ్లేకొద్దీ ఆకులు సన్నటి చీలికలుగా విడిపోతాయి. ఇవేవీ తేలకపోతే ఆకు నలిపి వాసన చూడండి. సలాడ్ బర్నెట్ కీర దోసకాయ వాసన వేస్తుంది.

ఇక పూబంతి. ఈ పూలకు ఆకర్షక పత్రాలు లేవు. నాలుగు రక్షక పత్రాలే, ఆకుపచ్చగా, అంచున ఊదా ఛాయతో. బంతిలో పైవరస పూలు ఆడవి: వాటి కీలాగ్రాలే (పుప్పొడిని అందుకునే భాగాలే) మీకు కనిపిస్తున్న ఎర్ర కుచ్చులు. కింది వరస మగవి, మధ్యలో కొన్ని ద్విలింగ పూలు. పరాగసంపర్కం గాలి వల్ల జరుగుతుంది. అందుకే కీలాగ్రాలు కుచ్చులుగా విడివడి ఉంటాయి, కేసరదండాలు పొడుగ్గా, సన్నగా, నిలబడలేక కిందికి వాలి ఉంటాయి. ఈ కారణం తెలిస్తే గీత కూడా మారుతుంది: కేసరాలు బిగువుగా బయటికి పొడుచుకొచ్చినట్టు గీస్తే అది ఈ మొక్క కాదు.

పైవరస ఆడపూలు ముందు విచ్చుకుంటాయి, కేసరాలు తరవాత జారతాయి. ఒకే మొక్క మీద వేర్వేరు కాడల బంతులు వేర్వేరు దశల్లో దొరుకుతాయి కాబట్టి షీటులో కనీసం మూడు దశలు చూపండి: పచ్చటి మొగ్గ బంతి, పైన ఎరుపు విచ్చుకున్నది, కేసరాలు వేలాడుతున్నది. ఒక బంతి పైభాగం, ఇంకో బంతి కింది భాగం కలిపి అందమైన బంతి ఒకటి తయారుచేయకండి. మొక్క తెలిసినవాళ్లు మొదట చూసేది అదే.

తడికాగితం

రంగు బురదవడానికి కారణం వరస. ఆరిన ఆకుపచ్చ మీద పారదర్శకమైన ఎరుపు వేస్తే రెండూ ఒకదాన్నొకటి చంపుకుని గోధుమరంగు తేలుతుంది. కుంచె ఎంత సన్నదైనా లాభం లేదు. ఎరుపు కింద తెల్ల కాగితమే ఉండాలి.

కాగితం హాట్ ప్రెస్డ్ (నున్నటి రకం), వంద శాతం కాటన్, 300 జీఎస్ఎం. కోల్డ్ ప్రెస్డ్ కాగితం గుంతల్లో సన్న గీత ముక్కలవుతుంది. పెన్సిల్ హెచ్ లేదా 2హెచ్, చెయ్యి తేలిగ్గా పెట్టి. 2హెచ్‌ని నొక్కితే కాగితంలో గాడి పడి, ఆ గాడిలో రంగు చేరి చీకటి గీతవుతుంది.

ముందు బంతికి ఒక వలయం, కాడ నుంచి పైదాకా మధ్యగీత. పూలు అడ్డవరసల్లో కాకుండా ఏటవాలు వరసల్లో తిరుగుతూ అమరుతాయి, ఆ ఏటవాలు గీతలు రెండు మూడు లేతగా గీసుకుని వాటి మీద పూల స్థానాలు పెట్టుకోండి. తరవాత కుచ్చులున్న చోట్ల మాత్రం బాగా పలచన చేసిన గులాబీ రంగు, పీవీ19 (ట్యూబు మీద ఉండే పిగ్మెంట్ కోడ్). పూర్తిగా ఆరనివ్వండి. ఇప్పుడు ఆ గులాబీ చుట్టూ, దాన్ని తాకకుండా, రక్షక పత్రాల లేత పచ్చ. అది ఆరాక పూల మధ్య సందుల్లో ముదురు పచ్చ. బంతికి గుండ్రదనం ఇచ్చేది ఈ సందులే. ఆఖరున గులాబీ మీద ముదురు ఎరుపు పోగులు. పోగులు విడివిడిగా గీయాల్సింది బంతి అంచున, వెనక తెల్ల కాగితం ఉన్నచోట మాత్రమే. ముందువైపు కుచ్చుల్ని పొట్టి గీతలతో, చుక్కలతో సరిపెట్టండి. ముందువైపు కూడా పోగు పోగునా గీస్తే బంతి చదునైపోతుంది.

కుంచె విషయంలో చాలామంది 000 కొంటారు. దాని కడుపులో రంగు నిలవదు, గీత సగంలోనే ఆరిపోతుంది. మంచి మొన ఉన్న కొలిన్‌స్కీ సేబుల్ 1 లేదా 2 నంబరుతో ఇంతకంటే సన్నటి గీత, పొడుగ్గా, తెగకుండా వస్తుంది.

ట్యూబు మీద పిగ్మెంట్ కోడ్ చూడండి. పీఆర్83 అని ఉంటే అది అసలు అలిజరిన్ క్రిమ్సన్, వెలుతురుకు వెలిసిపోతుంది. గోడకు వేలాడే బొమ్మలో వాడకూడదు. పీవీ19కి రవ్వంత అల్ట్రామెరైన్ కలిపితే ముదిరిన కీలాగ్రం రంగు వస్తుంది.

కుంచె_ములుకు

ఎరుపు సంగతి అర్థమైందండీ. కేసరదండాలు దాదాపు తెల్లగా ఉన్నాయి కదా, తెల్ల కాగితం మీద వాటిని ఎలా చూపడం? మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా కాగితాన్ని కప్పి, తరవాత పీకేసే ద్రవం) వేసి వదిలేయొచ్చా?

చుక్కలపెన్ను

ఈ పనికి మాస్కింగ్ ఫ్లూయిడ్ వద్దండీ. కుంచెతో వేసినా పెన్నుతో వేసినా దాని గీత లావుగా, మొండి చివరతో వస్తుంది. మీకు కావాల్సింది వెంట్రుక మందం. పైగా హాట్ ప్రెస్డ్ కాగితం మీద ఎక్కువసేపు ఉంచితే పీకేటప్పుడు పైపొర లేచివస్తుంది, తరవాత అక్కడ రంగు పీల్చుకుని మరక పడుతుంది.

తెల్ల కాగితం మీద తెల్ల దండాన్ని దాని నీడవైపు అంచుతో చూపాలి. పలచటి నీలి బూడిదరంగు గీత ఒకవైపే, అదీ అక్కడక్కడా తెగుతూ. రెండువైపులా గీస్తే తీగలా లావెక్కుతుంది. పరాగకోశాలు లేత పసుపు, కింద రవ్వంత నీడ. ముందున్న ఐదారు కేసరాలు పూర్తిగా వేసి మిగతావి వెనక్కి వెళ్లేకొద్దీ లేతగా వదిలేయండి. అమరికలోనే కేసరాల వెనక ఒక ఆకో కాండమో వచ్చేలా చూసుకుంటే సగం కష్టం తీరుతుంది. అక్కడ సన్నగా వైట్ గౌష్ (కింది రంగును కప్పే తెల్ల రంగు) గీత వేయొచ్చు.

అసలు సైజు బంతి ఎంత బాగా వేసినా ఆడ, మగ తేడా చెప్పలేదు. షీటు అడుగున రెండు పూలు విడదీసి పెద్దవి చేసి పెట్టండి. పువ్వు మూడు నాలుగు మిల్లీమీటర్లు, 8 రెట్లు పెంచితే సుమారు మూడు సెంటీమీటర్లు వస్తుంది. 10ఎక్స్ చేతి లెన్స్, రెండు సూదులు, తడి టిష్యూ మీద పువ్వు. ఆరితే కీలాగ్రం ముడుచుకుపోతుంది కాబట్టి ముందు కొలతలు రాసుకుని తరవాత గీయండి. పక్కన స్కేల్ బార్ గీయండి. ×8 అని అంకె మాత్రమే రాస్తే, బొమ్మను అచ్చులో తగ్గించినప్పుడు ఆ అంకె తప్పవుతుంది. బార్ బొమ్మతోపాటే తగ్గుతుంది.

విడిభాగాలు ఎలా అమర్చాలో చూడాలంటే మన దగ్గరే మంచి నమూనా ఉంది. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండగా స్థానిక చిత్రకారులచేత గీయించిన మొక్కల బొమ్మల్లోంచి 1795 నుంచి 1820 దాకా లండన్‌లో కోరమాండల్ తీరపు మొక్కల పలకలు 300 అచ్చయ్యాయి. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో స్కాన్లు ఉచితంగా చూడొచ్చు. మొక్క కొమ్మ షీటును నింపుతుంది, పువ్వు భాగాలు దాని దారికి అడ్డం రాకుండా మూలల్లో ఒదుగుతాయి. మీ షీటుకు ఆ పొందికే కావాలి.

సుద్దనేల

ఆకుల గురించి. ఫెర్న్‌లా రావడానికి సాధారణంగా మూడు కారణాలు. పత్రకాలన్నీ ఒకే సైజులో వేయడం ఒకటి. అసలు ఆకులో అడుగు జతలు చిన్నవి, పైకి వెళ్లేకొద్దీ పెద్దవి, చివర ఒంటి పత్రకం. పత్రకాలు మొనదేలినట్టు వేయడం రెండోది. ఇవి గుండ్రం, లేదా కోడిగుడ్డు ఆకారం, పొడవు అర సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్ల లోపు, అంచున లోతైన పళ్లు. మూడోది, అన్నిటికంటే పెద్దది: పత్రకాలన్నీ కాగితానికి సమాంతరంగా పరిచినట్టు వేయడం. అసలు మొక్కలో ఒక్కో పత్రకం తన మధ్య ఈనె దగ్గర కాస్త మడిచినట్టుంటుంది, మొత్తం ఆకు నడిమి ఈనెకు ఒక కోణంలో లేచి ఉంటుంది. మనవైపు తిరిగిన ఆకులో కొన్ని పత్రకాలు పక్క నుంచి సన్న గీతలా మాత్రమే కనిపించాలి. డివైడర్‌తో జతల మధ్య దూరాలు కొలిస్తే మనవైపు వచ్చేకొద్దీ అవి దగ్గరపడడం కనిపిస్తుంది. ఆ దూరాలు సమానంగా పెట్టారంటే ఫెర్న్ వచ్చినట్టే.

గుత్తిలోని ఆకులన్నీ పూర్తిగా వేయక్కర్లేదు. రెండు మూడు ఆకులు పూర్తి రంగుతో, వెనకవి పెన్సిల్ లేదా లేత వాష్ (పలచటి రంగు పూత). ఒక ఆకును తప్పకుండా తిప్పి అడుగువైపు చూపండి, అది పైవైపు కంటే బూడిద నీలంగా ఉంటుంది. పైవైపు పచ్చకు కోబాల్ట్ నీలం, నిమ్మ పసుపు, చంపడానికి చిటికెడు పీవీ19. అడుగువైపుకు పసుపు బాగా తగ్గించండి.

కాండం నున్నటి గొట్టం కాదు, కోణాలుగా గీరలుంటాయి, మొదట్లో తరచు ఎరుపెక్కి ఉంటుంది. మొక్క 40 సెంటీమీటర్లు దాటితే ఏ3 షీటులో నిలువుగా పట్టదు. కాండాన్ని వంచి ఇరికించకండి. శుభ్రంగా కోసినట్టు చూపించి రెండు ముక్కలు పక్కపక్కన పెట్టండి, అది ఒప్పుకున్న పద్ధతే.

సేకరణ గురించి ఒక మాట. బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం భూమి యజమాని అనుమతి లేకుండా ఏ అడవి మొక్కనూ వేళ్లతో పెకలించకూడదు. సుద్దకొండల్లో చాలాచోట్ల రక్షిత స్థలాలున్నాయి, అక్కడ కోయడం కూడా నేరం కావచ్చు. వేరు చూపాలనుకుంటే విత్తనం తెచ్చి కుండీలో పెంచండి, సులువుగా మొలుస్తుంది. అనుమతితో కోసిన కాడల్ని వెంటనే తడి టిష్యూతో జిప్ కవరులో పెట్టి, ఇంటికొచ్చాక ఫ్రిజ్‌లో ఉంచండి. పని మాత్రం పూబంతితోనే మొదలుపెట్టాలి. ఆకులు ఆగుతాయి, కీలాగ్రాలు ఆగవు.

ఆకు_ఈనె

గ్రేట్ బర్నెట్ నాలుగో ప్రశ్న మిగిలింది. సాంగ్విసోర్బా అఫిసినాలిస్‌ను అదే షీటులో పెట్టొద్దనే నా అభిప్రాయం. ఎత్తు మీటరు దాకా పోతుంది, తడి పచ్చికల మొక్క, సుద్దకొండల వరసలో ఇమడదు. పోలిక కావాలంటే దాని పూకంకి ఒక్కటి, విడదీసిన పువ్వు ఒకటి చాలు. తేడా అక్కడే ఉంది: కంకి బంతిలా కాక నిలువుగా సాగి ఉంటుంది, పూలన్నీ ద్విలింగాలే, ఒక్కో పువ్వుకు నాలుగే కేసరాలు, కీటకాలు వస్తాయి. పూలు కంకి పైనుంచి కిందికి విచ్చుకుంటాయి, గీసేటప్పుడు తలకిందులు చేయొద్దు. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ రెంటినీ వేర్వేరు తరగతుల్లో పెట్టాడు: గ్రేట్ బర్నెట్‌ను నాలుగు కేసరాల తరగతిలో, సలాడ్ బర్నెట్‌ను ఒకే మొక్క మీద ఆడ, మగ పూలు వేర్వేరుగా ఉండే తరగతిలో. మీ విడిభాగాల బొమ్మలో ఆ నాలుగూ, సలాడ్ బర్నెట్ మగపువ్వులోని గుంపూ పక్కపక్కన కనిపిస్తే అదే పెద్ద సమాచారం. కంకి రంగుకు నలుపు వాడకండి. పెరిలీన్ మెరూన్, పీఆర్179, దానికి కొద్దిగా అల్ట్రామెరైన్. వెలుగు తగిలే రక్షక పత్రాల చివర్లు మొదటి వాష్‌లోనే వదిలేయాలి.

వరసలో తరవాత ఆగ్రిమొనీ వేస్తే దాని ఆకు ఈ పద్ధతిలో ఉండదు. పెద్ద పత్రకాల జతల మధ్య బుల్లి పత్రకాలు వస్తాయి. సిల్వర్‌వీడ్ కూడా అంతే. బర్నెట్ ఆకులో అలాంటి బుల్లి పత్రకాలు ఒక్కటి కూడా పడకూడదు.

సుద్దనేల

ఇంకొకటి. పూలతో షీటు ముగించకండి, అదే మొక్క దగ్గరికి కాయలు ముదిరాక మళ్లీ వెళ్లండి. రోడ్డు పక్కన, కొత్తగా విత్తిన పచ్చికల్లో పశుగ్రాసపు రకం ఫాడర్ బర్నెట్ దిగి ఉంటుంది. పూలలో ఉన్నప్పుడు అది కాస్త పొడవైన సలాడ్ బర్నెట్‌లాగే ఉంటుంది. తేలేది కాయలో: స్థానిక రకం కాయకు నాలుగు మూలలా గట్టి గీరలు, మధ్య సన్నటి వల. ఫాడర్ రకానికి ఆ మూలలు రెక్కల్లా లేచి ఉంటాయి. ముదిరిన కాయ ఒకటి 6 రెట్లకు పెంచి, పక్క నుంచి ఒకటి, అడ్డంగా కోసి ఒకటి వేయండి. అడ్డకోతలో రెక్క ఉందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. ఆ బొమ్మ సిద్ధమయ్యేదాకా షీటు మీద మొక్క పేరు పెన్సిల్‌తోనే ఉంచండి.